బంతి ముట్టని ఆట

ఎనిమిదేళ్ళు బంతాట ఆడాను. అందులో ఆఖరి రోజు తప్పిస్తే ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు.

అది నా చేతకానితనం కాదు. నా పని అలాంటిది. ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో కాలితో తన్నేది తక్కువ. కోలగా ఉన్న బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటాలి. బంతి ఎవరి దగ్గర ఉందో ఆ జట్టువాళ్ళు ఒక వరుసలో వంగి నిలబడతారు. వాళ్ళ ఊపిరి మా మొహానికి తగిలేంత దగ్గరలో మేం ఇంకో వరుస. వాళ్ళ నడిమివాడు బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందిస్తాడు. అందించగానే మేం ఆ వరుసను పగలగొట్టుకుని వెళ్ళి, వెనక నిలబడి బంతి విసరబోయేవాణ్ణి కింద పడెయ్యాలి. పడేస్తే మా పని అయిపోయినట్టే. బంతిని ఏరుకోవడానికి, దాన్ని పట్టుకుని పరిగెత్తడానికి, ఫోటోలు దిగడానికి వేరే వాళ్ళుంటారు. సన్నగా ఉంటారు.

నేను సన్నగా ఎప్పుడూ లేను. ఇరవై ఆరేళ్ళకి నూట పద్దెనిమిది కిలోలు. మాది ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీద ఊరు. ద్వారపూడి వైపు ఒక రైస్‌మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. డెబ్బై అయిదు కిలోల బస్తా వీపు మీద వేసుకుని చెక్క మీదుగా లారీ ఎక్కాలి. మా మేస్త్రి గంగయ్య నేర్పిన చదువు ఒకటే.

"నడుంతో ఎత్తేవోడికి నలభైకే మంచం. మోకాళ్ళతో ఎత్తరా ఎదవా."

రాజమండ్రిలో ఏదో ఆటకి మనుషుల్ని ఎంచుతున్నారనీ, వంద కిలోలు పైబడినవాళ్ళు ఎవరైనా రావచ్చనీ మిల్లు గుమస్తా ఫోన్లో చదివి చెప్పాడు. అందరూ నా వంక చూశారు.

"పోరా పోతురాజూ, మధ్యాన్నం భోజనం పెడతారంట," అన్నాడు గంగయ్య. "సాయంత్రానికి మాత్రం వచ్చెయ్యి. రెండు లోడ్లున్నాయి."

వెళ్ళాను. జిమ్ముల్లో కండలు పెంచినవాళ్ళు, కుస్తీ పట్టేవాళ్ళు, ఒక పోలీసు. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా వంగోబెట్టి, విజిల్ ఊది, ఒకణ్ణొకడు వెనక్కి తొయ్యమన్నారు. వాళ్ళంతా ఛాతీలు చూపించుకుంటూ పైకి లేచారు. నేను బస్తా కిందకి దూరినట్టు దూరి, మోకాళ్ళతో లేచాను. పోలీసుతో సహా ఏడుగురు పడ్డారు.

కోచ్ సెల్వం మద్రాసు మనిషి. అమెరికాలో నాలుగేళ్ళు ఉండి ఈ ఆట నేర్చుకొచ్చాడు. నా దగ్గరికి వచ్చి నా మోకాళ్ళ వంక చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మిల్లులో అండి."

"మిల్లుకి టీమ్ ఉందా?"

"లేదండి. బస్తాలున్నాయండి."

ఆ సాయంత్రం రెండు లోడ్లు గంగయ్య వేరేవాళ్ళతో ఎత్తించుకున్నాడు.

నా భార్య వెంకటదుర్గ నా మేనమామ కూతురు. చిన్నప్పట్నించీ నన్ను వెక్కిరించడమే దాని పని. పెళ్ళయ్యాక ఆ పని ఇంకాస్త దగ్గర్నించి చేసింది. ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. జీతం ఇచ్చి తిండి పెట్టి ఆడుకోమంటారా అని మొదట నమ్మలేదు. నమ్మాక నా కోచ్ కంటే ఎక్కువ కోచ్ అయిపోయింది.

సాధనకి బరువు కావాలి. అమెరికాలో ఇనప బండలు తోస్తారట. మాకు దమ్ము చేసిన చేను చదును చేసే బల్ల ఉంది. దాని మీద రెండు బస్తాలు, బస్తాల మీద దుర్గ. వేసవిలో పొద్దున్నే కాలవ గట్టు మీద దాన్ని వంగి తోసేవాణ్ణి. అది పైన కూర్చుని మామిడి తాండ్ర నమిలేది.

"తొయ్యి బావా తొయ్యి. మా మేకపోతు ఇంతకంటే గట్టిగా తోస్తాది."

గట్టు మీద సైకిలు మీద పోయేవాళ్ళు ఆగేవారు. "ఏంటండి దుర్గమ్మగారూ, ఊరేగింపా?"

"అవునండి. అమ్మోరే ఉంది, భక్తుడు ఒక్కడే. చందా వెయ్యండి."

నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నేను వంగి ఉండేవాణ్ణి కాబట్టి నాకు వాళ్ళ చక్రాలు మాత్రం కనపడేవి. ఈ ఆటలో నేను నేర్చుకున్నదంతా ఆ గట్టు మీదే నేర్చుకున్నాను. ఎదుటివాడి కంటే కిందకి దిగిన వాడిదే గెలుపు. దుర్గ దిగమన్నప్పుడల్లా ఇంకాస్త దిగేవాణ్ణి.

మొదటి మ్యాచ్‌లో పరువు పోయింది. అదీ చెప్పాలి.

మా బళ్ళో పుస్తకానికి కాలు తగిలితే దాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకోవాలి. లేకపోతే మాస్టారి బెత్తం. మిల్లులో బస్తాకి తగిలినా అంతే, గింజ లక్ష్మి. మనిషికి తగిలితే ఆ మనిషి మీద చెయ్యి వేసి కళ్ళకద్దుకోవాలి. ఇది ఆలోచించి చేసేది కాదు. తుమ్ము లాంటిది.

మొదటి మ్యాచ్ పుణెలో. ఆఖరి నిమిషాల్లో నా ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేశాను. దారి తెరుచుకుంది. ముందుకి అడుగేస్తే నా బూటు వాడి ఛాతీ మీద పడింది. ఆగాను. వంగాను. వాడి భుజం ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. వాడు బెదిరిపోయి నన్నే చూస్తున్నాడు. ఆ క్షణంలో బంతి పట్టుకున్నవాడు నా ఎడమ పక్కనుంచి, నా చొక్కాకి రాసుకుంటూ పరిగెత్తి గీత దాటాడు. ఓడిపోయాం.

మా జట్టుకి ఒక మేనేజరు ఉండేవాడు. పేరు రాయను. పేరు రాయడానికి కొంత అర్హత ఉండాలి. అతను ఆ ముక్కని వీడియో చేసి, వెనక గుడిగంటలు పెట్టి వదిలాడు. నలభై లక్షల మంది చూశారు. నాకు దణ్ణాల రాజు అని పేరొచ్చింది. మిల్లులో కూడా అదే పేరు. జట్టుకి ప్రచారం కదా అన్నాడు మేనేజరు.

సెల్వం ఈ జబ్బు కుదర్చడానికి పూనుకున్నాడు. రోజూ పొద్దున్న పదిమందిని నేల మీద పడుకోబెట్టి, నా చేతులు వెనక్కి కట్టి, వాళ్ళని తొక్కుకుంటూ పొమ్మన్నాడు. తొక్కాను. చేతులు కట్టి ఉంటే తల వంగేది. తల పట్టుకుంటే కళ్ళు మూసుకుపోయేవి. ఆరు వారాలకి సెల్వం గొంతు పోయింది, నా దణ్ణం పోలేదు.

దాన్ని కుదిర్చింది దుర్గ. ఫోన్లో అంతా విని అంది:

"మనిషిని తొక్కి దణ్ణం పెట్టకుండా పోతే నువ్వు ఆటగాడివి కాదు బావా, లారీవి. పెట్టు. కానీ ఆట ఆగాక పెట్టు. దణ్ణం ఎక్కడికి పోద్ది? విజిలు ఊదాక వెనక్కొచ్చి తీరిగ్గా పెట్టుకో."

అంతే. సెల్వానికి ఆరు వారాల్లో కుదరనిది దానికి అర నిమిషంలో కుదిరింది. రెండో ఏడు నుంచి నేను ఎవణ్ణి తొక్కినా ముందుకే పోయాను. విసిరేవాణ్ణి పడేసి, విజిల్ పడ్డాక వెనక్కి వచ్చి, నేను తొక్కినవాణ్ణి వెతుక్కుని దణ్ణం పెట్టాను. మొదట నవ్వారు. మూడో ఏడు, మా జట్లన్నీ ఆడే లీగ్ మొత్తంలో ఎక్కువసార్లు విసిరేవాణ్ణి పడేసినవాణ్ణి నేనే. ఆ తరవాత నవ్వలేదు. నాకు అడ్డంగా ఇద్దర్ని పెట్టడం మొదలెట్టారు. నాలుగో ఏడు ముగ్గుర్ని పెట్టారు. నా మీద ముగ్గురుంటే మావాళ్ళు ఇద్దరు ఖాళీగా ఉంటారు. నేను పడిపోయి కూడా గెలిపించిన మ్యాచ్‌లు ఉన్నాయి. అవి ఎవరికీ కనపడవు.

దుర్గకి కనపడేవి. మ్యాచ్ ఉన్నరోజు మిషను ఆపేసి, ఫోను గోడకి ఆనించి, వాళ్ళమ్మని, అంటే మా అత్తని, పక్కన కూర్చోబెట్టుకుని చూసేది. అయిపోగానే ఫోను. పలకరింపు లేదు, ఏం లేదు.

"బంతి ముట్టుకున్నావా?"

"లేదు."

"నీ కాళ్ళ దగ్గరే దొర్లింది కదా?"

"నా పని అది కాదే."

"మనూళ్ళో పెళ్ళికి వంటోడు కూడా ఆఖర్న కూర్చుని తింటాడు బావా. నువ్వేంటి, వండి వండి చెయ్యి కడుక్కుని వచ్చేస్తావు."

అయిదో ఏడు బయల్దేరేముందు వాకిట్లో నిలబెట్టి అడిగింది. ఒక్కసారి బంతి పట్టుకో. పట్టుకుని గీత దాటు. దాటాక ఈ కుమ్ములాట మానేసి ఇంటికి వచ్చెయ్యి. అప్పటిదాకా ఆట మానడానికి వీల్లేదు. మాటియ్యి.

ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను.

ఆ ఏడు వానల్లో దానికి డెంగీ వచ్చింది. రాజమండ్రిలో ఆసుపత్రిలో పెట్టారు. నేను భువనేశ్వర్‌లో ఉన్నాను. ముందురోజు మాట్లాడింది, తగ్గిపోతుందంది, బంతి సంగతి అడిగింది. మర్నాడు మ్యాచ్. మ్యాచ్ రోజు ఆటగాళ్ళ ఫోన్లు పెట్టెలో వేసి తాళం పెడతారు. అది పద్ధతి. ఇంటినుంచి కబురొస్తే మేనేజరుకి వస్తుంది. దుర్గ పదకొండింటికి పోయింది. కబురు పదకొండుంపావుకి అతనికి వచ్చింది. నాలుగింటికి మ్యాచ్. అతను నాకు ఏడింటికి చెప్పాడు.

"మీరే లేకపోతే మ్యాచ్ పోయేదండి," అన్నాడు. "మీ మంచికే ఆగాను."

ఆ రోజు విసిరేవాణ్ణి మూడుసార్లు పడేశాను. ఆ మూడూ నా పేరు మీదనుంచి తీసెయ్యమని లీగ్‌కి రాశాను. అలా తియ్యడం కుదరదని జవాబొచ్చింది. ఇప్పటికీ ఉన్నాయి. అవి నావి కావు.

మా అత్తకి ఇంకో కూతురు లేదు, నాకు ఇంకో ఇల్లు లేదు. సెలవులకి వచ్చి ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. మిషను మీద గుడ్డ కప్పి ఉండేది. బల్ల మీద దుర్గ బదులు మూడో బస్తా వేసి తోసుకున్నాను. బస్తా వెక్కిరించదు.

ఏడో ఏడు కుడి మోకాలు పోయింది. కోసి కుట్టారు. జట్టులో నన్ను వదిలించుకుందామన్నారు. సెల్వం ఒప్పుకోలేదు. ఎనిమిదో ఏడు సగం మ్యాచ్‌లు బయట కూర్చున్నాను, సగం ఆడాను. ఫైనల్‌కి వచ్చాం. విశాఖపట్నంలో. ముందురోజు సెల్వం నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"డాక్టరు రేపటి మ్యాచ్‌కి మాత్రమే సంతకం పెట్టాడు పోతురాజూ. తరవాత పెట్టడు."

"సరేనండి."

"నీ కోసం ఏమైనా చెయ్యమంటావా?"

ఒక్కసారి బంతి ఇప్పించమని అడగొచ్చు. అలా సరదాకి లావుపాటివాళ్ళ చేతికి బంతి ఇచ్చి గీత దాటించే ఏర్పాట్లు చేస్తారు కొన్ని జట్లు. ఇప్పిస్తే తీసుకున్నట్టు, దాటినట్టు కాదు. అడగలేదు.

అవతలి జట్టుకి ఇప్పుడు మేనేజరు ఎవరో ఈపాటికి చెప్పక్కర్లేదు. జీతం ఎక్కువిచ్చారు, వెళ్ళాడు. వెళ్తూ నా రహస్యం ఒకటి వెంట తీసుకెళ్ళాడు. తొక్కితే నా లోపల ఏదో ఒక్క రెప్పపాటు ఆగుతుందని అతనికి తెలుసు. ఆట మొదలైన పది నిమిషాల్లో నాకు అర్థమైంది. వాళ్ళ నడిమివాడు నన్ను ఆపడం లేదు. కావాలని నా కాళ్ళ కింద పడుతున్నాడు. హర్యానా మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. కింద పడి, పళ్ళికిలించి, ఎవరో నేర్పిన తెలుగులో అంటాడు:

"దణ్ణం రాజూ! దణ్ణం!"

నేను ముందుకే పోయాను. విజిల్ పడ్డాక వెనక్కి వచ్చి పెట్టాను. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ పెట్టాను. పదకొండుసార్లు. పన్నెండోసారి వాడు పళ్ళికిలించలేదు. లేచి, హెల్మెట్ తీసి, తల వంచాడు.

ఆట మాత్రం వాళ్ళదే. రెండు నిమిషాలున్నాయనగా నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గీత దాటితే ఆరొస్తాయి. బంతి వాళ్ళ దగ్గర. ఇంకొక్కసారి ముందుకి విసిరి పట్టుకున్నారంటే కప్పు వాళ్ళది, నేను ఇంటికి. మోకాలు కుండలా వాచింది. మైదానం బయట పెద్ద టీవీ తెరల కింద ఆ మేనేజరు అప్పుడే కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు, ఫోటోలకి.

వంగాను. గట్టు మీద వంగినంత వంగాను. బంతి వెనక్కి వెళ్ళింది. ఈసారి నడిమివాడు పడలేదు. మగాడిలా ఎదురొచ్చాడు. ఇంకొకడు పక్కనుంచి తగిలాడు. ఇద్దర్నీ వీపు మీదకి ఎత్తుకున్నట్టు ఎత్తి నెట్టాను. మేం ముగ్గురం కలిసి కూలిపోయాం. నేను ఖాళీ చేసిన సందులోంచి మా కుర్రాడు అమ్మిరాజు దూసుకెళ్ళి విసిరేవాడి చేతి మీద కొట్టాడు. బంతి నేల మీద పడింది.

ఇక్కడ ఒక రూలు చెప్పాలి. విసిరిన బంతి ఎవరూ పట్టకుండా నేల తాకితే ఆ ఆట చచ్చినట్టు. అందరూ ఆగిపోవచ్చు. విసరకముందే చేతిలోంచి జారిపడితే అది బతికున్నట్టు. ఎవరు ఎత్తుకుంటే వాళ్ళది. ఆ బంతి ముందుకి పడింది. విసిరిందే అనుకున్నారు అందరూ. వాళ్ళు ఆగారు. మావాళ్ళూ ఆగారు. అమ్మిరాజు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. జనం నిట్టూర్చడం వినపడింది.

నేనూ చచ్చిందనే అనుకున్నాను. అబద్ధం ఎందుకు. మోకాలు పట్టుకుని లేచాను. అడుగు వేస్తే బూటుకి ఏదో తగిలింది. చూశాను. బంతి.

కాలు తగిలింది కదా. వంగాను. రెండు చేతులా ఎత్తాను. పుస్తకాన్ని అద్దుకున్నట్టు కళ్ళకద్దుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఏదో తేడాగా ఉంది. విజిల్ పడలేదు. రిఫరీ నోట్లో విజిల్ ఉంది, బుగ్గలు ఉబ్బలేదు. నా వంకే చూస్తున్నాడు. గీత వైపు ఎవడూ లేడు. అవతల సెల్వం ఎర్రగా అయిపోయి ఎగురుతున్నాడు.

"బతికుంది! బంతి బతికుంది! పరిగెత్తు!"

పరిగెత్తాను. ఇరవై రెండు గజాలు. తరవాత కొలిచి చెప్పారు. మిల్లు గోడౌను నుంచి లారీ దాకా కూడా అంతే ఉంటుంది. అది నేను వేలసార్లు నడిచాను. ఈసారి వీపు మీద ఏమీ లేదు, మోకాల్లో నిప్పుంది. వెనక అడుగులు వినపడ్డాయి, దగ్గరికొచ్చాయి. ఒక చెయ్యి నా చొక్కా పట్టుకుంది. పట్టుకున్నవాణ్ణి కూడా లాక్కుంటూ వెళ్ళాను. బల్ల మీద కూర్చున్నట్టు ఉన్నాడు. తొయ్యి బావా తొయ్యి. గీత కాళ్ళ కిందనుంచి వెనక్కి వెళ్ళిపోవడం చూశాను. అప్పటికీ ఆగలేదు. ఇంకో పదడుగులు వేసి పడ్డాను. బంతి పొట్ట కింద ఉంది.

టీవీలో ముందుకీ వెనక్కీ తిప్పి నాలుగు నిమిషాలు చూశారు. విసరకముందే జారిందన్నారు. రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడు. స్టేడియం లేచింది. అంత శబ్దం నేను గోదావరికి వరదొచ్చినప్పుడు బ్యారేజి దగ్గర విన్నాను. మిగిలిన నిమిషంలో వాళ్ళు ఏమీ చెయ్యలేకపోయారు. గెలిచాం.

సెల్వం నా మెడ పట్టుకుని ఏడ్చాడు. "ఆరు వారాలు కష్టపడ్డాను నీ జబ్బు మాన్పించడానికి. మానలేదు. దేవుడున్నాడు."

అమ్మిరాజు బంతి ఇమ్మన్నాడు, సంతకాలు పెట్టించడానికి. ఇవ్వలేదు. జనం నా పాత పేరుతోనే అరుస్తున్నారు. దణ్ణాల రాజు. ఈసారి బాగానే వినపడింది. వెళ్ళి హర్యానావాణ్ణి వెతుక్కుని, కిందపడ్డప్పుడు వాడి చెయ్యి తొక్కాను కాబట్టి, దణ్ణం పెట్టాను. వాడు నన్ను కావిలించుకున్నాడు. నన్ను ఎత్తబోయి మానుకున్నాడు.

అప్పుడు వచ్చాడు మేనేజరు. కెమెరాలు చూసుకునే వచ్చాడు. చెయ్యి చాపాడు.

"కంగ్రాట్స్ పోతురాజుగారూ. పాతవి మనసులో పెట్టుకోకండి."

బంతి నా రెండు చేతుల్లో ఉంది. చాపిన చేతి వంక చూశాను.

"చేతులు ఖాళీ లేవండి," అన్నాను.

అలాగే నిలబడ్డాను. అతను చెయ్యి వెనక్కి తీసుకునేదాకా నిలబడ్డాను. కొంచెం సేపు పట్టింది. ఆ వీడియో కూడా చాలామంది చూశారట. గంటలు ఎవరూ పెట్టలేదు.

రెండో రోజు పొద్దున్న ఇంటికి వచ్చాను. మిల్లు నుంచి గంగయ్య, జట్టువాళ్ళు, గట్టు మీద సైకిళ్ళవాళ్ళు వాకిలి నిండా ఉన్నారు. గంగయ్య ముసలివాడైపోయాడు, మంచం మాత్రం ఎక్కలేదు. నా వీపు తట్టి, "మోకాళ్ళతోనే లేచావురా, చూశాను," అన్నాడు. అందరూ వెళ్ళాక లోపలికి వెళ్ళి, మిషను మీద గుడ్డ తీసి, బంతి దాని మీద పెట్టాను.

అత్త వచ్చి నిలబడింది. బంతిని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో నొక్కింది.

"ఇదేనా?"

"ఇదే."

"పనస పిందెంత లేదు. దీనికి ఎనిమిదేళ్ళు పట్టిందేంట్రా నీకు?"

"పట్టింది అత్తా."

బంతిని మళ్ళీ మిషను మీద పెట్టింది. "అది ఉంటే ఏవనేదో తెలుసా?"

"తెలుసు."

"ఏవనేది?"

"రెండోది ఎప్పుడు తెస్తావు బావా అనేది."

మూడేళ్ళలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, గోడకి ఆనుకుని నవ్వింది. తరవాత వెళ్ళి పొయ్యి వెలిగించింది. అన్నంలోకి ఏం చెయ్యమంటావని అడిగింది.